కూర్పు వరుస పనితీరు – ఉత్పత్తి రంగంపై ప్రభావం: పెనుకొండ కార్ల కర్మాగారం, ధర్మవరం మగ్గం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇరవయ్యో శతాబ్దపు ఉత్పత్తి విధానాన్ని సమూలంగా మార్చిన ఏర్పాటు అసెంబ్లీ లైన్. వస్తువు కదులుతూ ఉండగా మనిషి నిలిచి పనిచేయడం దీని మూలసూత్రం. శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కార్ల కర్మాగారం ఈ విధానాన్ని రాయలసీమ నడిబొడ్డుకు తీసుకువచ్చింది. అక్కడికి సమీపంలోనే ధర్మవరంలో పట్టుచీరల నేత తరతరాలుగా సాగుతోంది. ఈ రెండు ఉత్పత్తి విధానాల్లో శ్రమవిభజన, కాలగణన, నైపుణ్యం ఎలా ఉన్నాయో పోల్చుతూ, కూర్పు వరుస పనితీరును, ఉత్పత్తి రంగంపైన, శ్రామికునిపైన దాని ప్రభావాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కూర్పు వరుస, శ్రమవిభజన, లయకాలం, పెనుకొండ, కియా, ధర్మవరం, మగ్గం, నైపుణ్యం.

1. ఉపోద్ఘాతం:

తెలుగు పాఠకునికి ‘అసెంబ్లీ’ అనగానే శాసనసభ స్ఫురిస్తుంది. ఒకచోట మనుషులు సమావేశమైతే అది సభ. ఒకచోట విడిభాగాలు సమావేశమైతే అది యంత్రం. రెండర్థాలకూ మూలం ‘ఒకచోటికి చేర్చడం’ అన్న భావమే. యంత్రానికి సంబంధించిన అర్థంలో తెలుగులో ‘కూర్పు’ అనే మాట చక్కగా అతుకుతుంది. దండ కూర్చడం, పద్యం కూర్చడం, గ్రంథం కూర్చడం అన్నప్పుడు విడివిడిగా ఉన్నవాటిని ఒక క్రమంలో చేర్చి కొత్త రూపం ఇవ్వడమనే అర్థం ఉంది. అందువల్ల ఈ వ్యాసంలో అసెంబ్లీ లైన్‌కు ‘కూర్పు వరుస’ అనే పదం వాడబడింది. కర్మాగారాల్లో పనిచేసేవారి వ్యవహారంలో మాత్రం ‘లైన్’ అన్న మాటే స్థిరపడింది.

పెనుకొండకు చరిత్రలో విశిష్టస్థానం ఉంది. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర పాలకుడు తిరుమల దేవరాయలు రాజధానిని ఇక్కడికి తరలించాడు. ఆ తరువాత ఈ ప్రాంతం వర్షాభావానికి, వేరుశనగ సాగుకు, బెంగళూరు వలసలకు పేరుపడింది. దేశంలోనే అతి తక్కువ వర్షపాతం గల ప్రాంతాల్లో పూర్వపు అనంతపురం జిల్లా ఒకటి. అటువంటి నేల మీద లక్షల కార్లు తయారుకావడం ఆర్థికశాస్త్ర విషయం మాత్రమే కాదు. పని అంటే ఏమిటి, పనితనం అంటే ఏమిటి అన్న ప్రశ్నలు కూడా దీనితో ముడిపడి ఉన్నాయి.

2. కూర్పు వరుస – చారిత్రక పరిణామం:

కూర్పు వరుసకు రెండు ఆధారాలు ఉన్నాయి. మొదటిది శ్రమవిభజన. 1776లో వెలువడిన తన గ్రంథంలో ఆడమ్ స్మిత్ గుండుసూదుల తయారీని ఉదాహరణగా చూపాడు. సూది తయారీని సుమారు 18 పనులుగా విడదీసి పదిమంది పంచుకుంటే రోజుకు 48 వేల సూదులు తయారవుతాయని, ఒక్కరే అన్ని పనులూ చేస్తే ఇరవై కూడా కష్టమని వివరించాడు. రెండవది పరస్పరం మార్చదగిన విడిభాగాలు. ఏ బోల్టు ఏ రంధ్రంలోనైనా సరిపోవాలంటే అన్నీ ఒకే కొలతతో ఉండాలి. ప్రతి భాగాన్నీ ఆకురాయితో అరగదీసి సరిచేసుకోవలసి వచ్చినంతకాలం పనికి నిర్ణీత వ్యవధి కుదరదు. వ్యవధి కుదరనిదే వరుస నడవదు.

ఈ రెంటికీ చలనాన్ని జోడించిన ఘనత అమెరికాలోని హెన్రీ ఫోర్డ్ సంస్థది. ఆయనకంటే ముందే 1901 ప్రాంతంలో రాన్సమ్ ఓల్డ్స్ కార్ల తయారీలో వరుస పద్ధతిని అనుసరించాడు. చికాగో కబేళాలలో పశు కళేబరం కొక్కేనికి వేలాడుతూ కదులుతుండగా ఒక్కొక్కరు ఒక్కొక్క భాగాన్ని కోసే పద్ధతి అప్పటికే ఉంది. అక్కడ విడదీయడానికి వాడిన క్రమాన్ని ఫోర్డ్ సంస్థ కూర్చడానికి వాడింది. 1913 ఏప్రిల్‌లో హైలాండ్ పార్క్ కర్మాగారంలో మాగ్నెటో అనే విద్యుత్ పరికరాన్ని వరుస పద్ధతిలో కూర్చడం మొదలుపెట్టారు. అంతకుముందు ఒక్కొక్క దానికి 20 నిమిషాలు పట్టేది. అది 13 నిమిషాల 10 సెకన్లకు, తరువాతి మార్పులతో 5 నిమిషాలకు తగ్గింది. కారు చట్రం కూర్పుకు పట్టే కాలం సుమారు 12 గంటలన్నర నుంచి 93 నిమిషాలకు దిగింది. 1908లో 850 డాలర్లున్న మోడల్ టి కారు ధర 1920ల మధ్యనాటికి 300 డాలర్లకు లోబడింది. 1927 వరకు కోటిన్నర కార్లు తయారయ్యాయి.

అయితే ఈ విజయానికి మరో పార్శ్వం ఉంది. 1913లో సుమారు 14 వేల ఉద్యోగాలను నింపి ఉంచడానికి ఫోర్డ్ సంస్థ ఏడాదిలో 52 వేల మందికి పైగా నియమించుకోవలసి వచ్చింది. ఒకే పనిని రోజంతా చేయలేక వచ్చినవారు వచ్చినట్లే వెళ్ళిపోయారు. 1914 జనవరిలో ప్రకటించిన రోజుకు 5 డాలర్ల వేతనాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. ఆ వేతనం ఔదార్యం కన్న అవసరమని చెప్పవచ్చు. వరుస నిలవాలంటే మనిషి నిలవాలి.

3. కూర్పు వరుస పనితీరు:

3.1. నాలుగు విభాగాలు:

కియా సంస్థ 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 536 ఎకరాల్లో, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో కర్మాగారం రూపొందింది. 2019 జనవరి 29న ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైంది. అదే సంవత్సరం ఆగస్టు 8న తొలి సెల్టోస్ కారు వెలువడగా, డిసెంబరు 5న లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది. 2023 జూలైలో పదిలక్షలవ కారు బయటికి వచ్చింది.

ఆధునిక కార్ల కర్మాగారంలో పని ప్రధానంగా నాలుగు విభాగాల్లో సాగుతుంది.

ప్రెస్ విభాగం: చుట్టలుగా వచ్చిన ఉక్కు రేకును కావలసిన కొలతకు కత్తిరించి, భారీ అచ్చుల మధ్య నొక్కి తలుపు, పైకప్పు, బానెట్ వంటి రూపాలుగా మలుస్తారు.

బాడీ విభాగం: ఈ రేకులను ఒకదానితో ఒకటి అతికి కారు కాయాన్ని నిర్మిస్తారు. ఒక్క కారుకు వేల సంఖ్యలో అతుకులు పడతాయి. ఈ పనిలో అధికభాగం రోబోలదే. పెనుకొండ కర్మాగారంలో అన్ని విభాగాల్లో కలిపి 300కు పైగా రోబోలు ఉన్నాయి.

పెయింట్ విభాగం: కాయాన్ని శుభ్రపరచి, తుప్పు నిరోధక ద్రావణంలో పూర్తిగా ముంచి, కీళ్ళకు సీలు వేసి, వరుసగా పూతలు పూసి, ఒక్కొక్క దశ తరువాత వేడిగదుల్లో ఆరబెడతారు.

అసెంబ్లీ విభాగం: కూర్పు వరుస అనే మాటకు పూర్తి అర్థం ఇక్కడే కనబడుతుంది. రంగు వేసిన కాయం నెమ్మదిగా కదులుతూ వస్తుంది. లోపల పనికి అడ్డురాకుండా, గీతలు పడకుండా ముందుగా తలుపులు ఊడదీస్తారు. విద్యుత్ తీగల కట్టను పరుస్తారు. డాష్‌బోర్డు, అద్దాలు, పైకప్పు లోపలి పొర అమరుతాయి. మరోవైపు ఇంజను, గేరుపెట్టె, ఇరుసులు కలిసి ఒక సముదాయంగా సిద్ధమై కింది నుంచి వచ్చి కాయంతో కలుస్తాయి. ఈ ఘట్టాన్ని ప్రపంచమంతటా కార్ల పరిశ్రమ ‘పెళ్ళి’ అనే అర్థంలోనే వ్యవహరించడం విశేషం. ఆపైన సీట్లు, చక్రాలు, ద్రవాలు, తిరిగి తలుపులు అమరుతాయి. చివరగా చక్రాల అమరిక, బ్రేకులు, దీపాలు, నీరు కారే లోపాలు పరీక్షించి బయటికి పంపుతారు.

3.2. లయకాలం:

వరుస నడిచే వేగాన్ని నిర్ణయించేది ‘టాక్ట్ టైమ్’. జర్మన్ భాషలో ‘టాక్ట్’ అంటే సంగీతంలోని తాళగతి. కనుక దీనిని తెలుగులో ‘లయకాలం’ అనవచ్చు. అందుబాటులో ఉన్న పని కాలాన్ని కావలసిన వస్తువుల సంఖ్యతో భాగిస్తే లయకాలం వస్తుంది. ఉదాహరణకు ఏడాదికి 3 లక్షల కార్లు, 300 పనిదినాలు అనుకుంటే రోజుకు వెయ్యి కార్లు. ఒకే వరుస రెండు షిఫ్టుల్లో 16 గంటలు నడిస్తే 57,600 సెకన్లు. అంటే సుమారు 58 సెకన్లకు ఒక కారు రావాలి. మూడు షిఫ్టుల్లో 24 గంటలు నడిస్తే 86 సెకన్లకు ఒకటి చాలు. విరామాలు, మరమ్మతులు లెక్కలో చేరితే ఈ కాలం ఇంకా తగ్గుతుంది. ఇది కేవలం సూత్రాన్ని వివరించే గణన. ఒక కారు తయారీకి నిమిషం చాలునని దీని అర్థం కాదు. ఒక్కొక్క కారు అనేక గంటలు లోపల ప్రయాణిస్తుంది. కానీ నిమిషానికొకటి చొప్పున బయటికి వస్తుంది. ఏతంలో నీరు బానెడు బానెడుగా రావడానికి, కాలువలో ఎడతెగక పారడానికి ఉన్న భేదమే ఇక్కడా ఉంది.

3.3. పని సమతుల్యం:

వరుస వేగం అందరికంటే నెమ్మదైన స్థానంపై ఆధారపడుతుంది. నాలుగు స్థానాల్లో పనులకు వరుసగా 50, 60, 90, 40 సెకన్లు పడతాయనుకుందాం. మొత్తం పని 240 సెకన్లే అయినా, 90 సెకన్లకు ఒక వస్తువే బయటికి వస్తుంది. గంటకు 40 వస్తువులు. మిగిలిన ముగ్గురూ ప్రతిసారీ కొంతసేపు ఊరక నిలబడతారు. 90 సెకన్ల పనిని 45 సెకన్ల చొప్పున ఇద్దరికి పంచితే నెమ్మదైన స్థానం 60 సెకన్లకు వస్తుంది. గంటకు 60 వస్తువులు వస్తాయి. మనుషులు నలుగురి నుంచి ఐదుగురు అయ్యారు. ఉత్పత్తి ఒకటిన్నర రెట్లయింది. మనిషికి గంటకు 10 చొప్పున ఉన్నది 12 అయింది. దీనిని వరుస సమతుల్యం అంటారు. ఎవరినీ తొందరపెట్టకుండానే ఉత్పత్తి పెరగడానికి ఇది మార్గం. అయితే ఇదే లెక్కతో ఊరక నిలబడే ఆ కొద్ది క్షణాల విరామాన్ని కూడా తుడిచివేయవచ్చు. ఒకే గణితం శ్రామికునికి మేలూ కీడూ చేయగలదు.

3.4. లోపం, నిలుపుదల:

రెండో ప్రపంచయుద్ధం తరువాత జపానులో టయోటా సంస్థ, ప్రత్యేకించి తాయిచి ఓనో, ఈ విధానంలో రెండు ముఖ్యమైన మార్పులు తెచ్చారు. మొదటిది, లోపం కనబడిన వెంటనే వరుసను ఆపే అధికారం అక్కడ పనిచేసే వ్యక్తికే ఇవ్వడం. తాడు లాగితే లేదా మీట నొక్కితే ‘ఆండాన్’ అనే సూచిక వెలుగుతుంది. జపాను భాషలో ఆ మాటకు దీపం అని అర్థం. రెండవది, కావలసిన భాగం కావలసిన వేళకు మాత్రమే రావడం. గిడ్డంగుల్లో నిల్వలు తగ్గుతాయి. కానీ సరఫరాదారులు దగ్గరగా ఉండాలి. పెనుకొండ చుట్టుపక్కల హ్యుండాయ్ మోబిస్, సంగ్‌వూ హైటెక్ వంటి కొరియా అనుబంధ సంస్థలు వెలియడానికి కారణం ఇదే. ఈ విధానానికి బలహీనత కూడా ఉంది. 2021లో ప్రపంచవ్యాప్తంగా సెమీకండక్టర్ చిప్‌ల కొరత ఏర్పడినప్పుడు గోరంత భాగం అందక కార్ల కర్మాగారాలెన్నో ఉత్పత్తి తగ్గించుకోవలసి వచ్చింది. నిల్వలేని ఇంట ఒకపూట బండి రాకపోతే పొయ్యి వెలగని స్థితి ఇది.

4. ధర్మవరం మగ్గం – పెనుకొండ వరుస:

చేనేతలో శ్రమవిభజన లేదనుకోవడం పొరపాటు. పట్టుదారానికి పురి వేయడం, రంగు అద్దడం, కండెలు చుట్టడం, పడుగు సిద్ధం చేయడం, పాత పడుగు కొసలకు కొత్త పడుగును అచ్చు అతకడం, నేయడం అనే దశలు ఇక్కడా ఉన్నాయి. వీటిలో కొన్ని ఇంటి ఆడవారు, పెద్దలు చేస్తారు. కొన్నింటికి ప్రత్యేక పనివారు ఉంటారు. భేదం శ్రమవిభజనలో లేదు. పనికి లయ ఎవరు కడతారన్న దానిలో ఉంది.

గుంట మగ్గంలో కూర్చున్న నేతగాని కాలిపలక, చేతినాడె కలిసి లయను సృష్టిస్తాయి. అలసితే ఆగవచ్చు, పోగు తెగితే ముడివేసి సాగవచ్చు. కూర్పు వరుసలో లయ బయటి నుంచి వస్తుంది. మనిషి దానికి అనుగుణంగా కదలాలి. నేతగాడు పడుగు ఎక్కించిన నాటి నుంచి చీర దింపేదాకా ఒకే వస్తువుతో ఉంటాడు. లైన్‌లో పనిచేసే వ్యక్తి ఒక కారుతో ఒకటి రెండు నిమిషాలే ఉంటాడు.

పోలిక కూడా ఉంది. 1804 ప్రాంతంలో ఫ్రాన్సుకు చెందిన జోసెఫ్ మేరీ జకార్డ్ రూపొందించిన పరికరంలో చిల్లులు పొడిచిన అట్టలు ఏ పోగు లేవాలో నిర్ణయిస్తాయి. ధర్మవరం చీర అంచుపై, కొంగుపై కనబడే బుటాలకు ఆధారం ఆ అట్టలే. కూర్పు వరుసపై ప్రతి కారుతోనూ దాని వివరాల పత్రమో, ఎలక్ట్రానిక్ గుర్తింపో ప్రయాణిస్తుంది. ఏ రంగు, ఏ ఇంజను, ఏ దేశానికి అన్నది అదే చెబుతుంది. అందువల్లనే ఒకే వరుసపై భిన్నమైన నమూనాలు ఒకదాని వెనుక ఒకటి రాగలవు. నమూనాను మనిషి జ్ఞాపకం నుంచి తీసి అట్టమీదికి ఎక్కించడం మగ్గం దగ్గరే మొదలైందని దీనివల్ల గ్రహించవచ్చు.

ఈ ప్రాంతంలో ఇప్పుడు మూడు కాలగణనలు ఏకకాలంలో నడుస్తున్నాయి. సేద్యగాని కాలం కార్తెలతో నడుస్తుంది. వాన తప్పితే ఏడాది తప్పుతుంది. నేతగాని కాలం చీరలతో నడుస్తుంది. మజూరీ చీరకు ఇంత అని వస్తుంది. లైన్‌లో పనిచేసేవారి కాలం సెకన్లతో నడుస్తుంది. వేతనం నెలకు వస్తుంది. మొదటి రెండింటిలో కాలంపై కొంత స్వేచ్ఛ ఉంది, ఆదాయానికి భరోసా లేదు. మూడవదానిలో ఆదాయానికి కొంత భరోసా ఉంది, కాలంపై స్వేచ్ఛ లేదు. అప్పుల్లో కూరుకున్న నేత కుటుంబంలోని యువకుడు మగ్గాన్ని విడిచి లైన్‌ను కోరుకుంటే దానిని సంప్రదాయంపై ఉపేక్షగా వ్యాఖ్యానించడం న్యాయం కాదు. పట్టుచీరల వంటి రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చినా, మరమగ్గాల పోటీ ముందు చేనేతగాని మజూరీకి అది రక్షణ కాలేకపోయింది.

5. ఉత్పత్తి రంగంపై, సమాజంపై ప్రభావం:

5.1. ఆర్థిక ప్రభావం: కూర్పు వరుస వస్తువు ధరను తగ్గించి విలాసాన్ని అవసరంగా మార్చింది. నాణ్యత వ్యక్తి నేర్పు మీద కాక పద్ధతి మీద ఆధారపడేలా చేసింది. తెలుగు నేలపై దీని విస్తృతిని శ్రీసిటీలోనూ చూడవచ్చు. అక్కడ 2015లో ఫాక్స్‌కాన్ సంస్థ సెల్‌ఫోన్ల కూర్పును, 2016లో ఇసుజు సంస్థ వాహనాల తయారీని ప్రారంభించాయి. సెల్‌ఫోన్ల వరుసల్లో అత్యధికులు మహిళలే కావడం గ్రామీణ కుటుంబాల ఆర్థిక స్వరూపాన్ని మార్చిన పరిణామం.

5.2. ప్రాంతీయ ప్రభావం: ఒక కర్మాగారం నీటిని, దారిని, నేలను, మనుషులను తనవైపు తిప్పుకుంటుంది. హంద్రీ-నీవా సుజల స్రవంతి ద్వారా గొల్లపల్లి జలాశయానికి చేరిన కృష్ణా జలాలే ఎర్రమంచి కర్మాగారానికి ఆధారం. హైదరాబాదు–బెంగళూరు 44వ జాతీయ రహదారి, గుంతకల్లు–బెంగళూరు రైలుమార్గం, చెన్నై ఓడరేవు అందుబాటు ఈ స్థల నిర్ణయానికి అనుకూలించాయి. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ 2019లో చేసిన చట్టం, కర్మాగారం వచ్చినంత మాత్రాన ఉపాధి దానంతట అది రాదన్న గ్రహింపుకు నిదర్శనం. రోబోలు అధికమైన విభాగాల్లో కావలసినది కండబలం కాదు. యంత్రాన్ని చదవగల విద్య. ఆ విద్య స్థానిక ఐ.టి.ఐ.లలో, పాలిటెక్నిక్‌లలో ఏ భాషలో, ఏ స్థాయిలో అందుతోందన్నది ఉపాధిని నిర్ణయించే అంశం.

5.3. శ్రామికునిపై ప్రభావం: పనిని చిన్న ముక్కలుగా విడదీయడం వల్ల నేర్చుకోవడం సులభమవుతుంది. కానీ నేర్చుకోవడం సులభమైన పనిలో మనిషిని మార్చడం కూడా సులభమే. కాంట్రాక్టు నియామకాలకు ఈ లక్షణం తోడ్పడుతుంది. ఒకే కదలికను వందలసార్లు చేయడం వల్ల భుజాలు, నడుము, మణికట్టు దెబ్బతినే ప్రమాదం ఉంది. 1936లో ‘మోడరన్ టైమ్స్’ చిత్రంలో చార్లీ చాప్లిన్ బోల్టులు బిగించీ బిగించీ చేతులు ఆగని శ్రామికుణ్ణి చూపి నవ్వించాడు. ఆ నవ్వు వెనుక ఉన్నది ఈ బాధే. 1974లో స్వీడన్‌లోని కాల్మార్‌లో వోల్వో సంస్థ వరుసకు బదులుగా చిన్న బృందాలు కలిసి కారు కూర్చే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఆ కర్మాగారం 1994లో మూతపడినా, పనులను మార్చి మార్చి ఇవ్వడం, బృందానికి కొంత నిర్ణయాధికారం ఇవ్వడం వంటి ఆలోచనలు నిలిచాయి.

ఇక్కడ చట్టపరమైన ఒక ఖాళీని గమనించాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పెద్దవారికి వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటలు అని పని పరిమితిని నిర్దేశించింది. ఆ పరిమితి గంటలకే గాని వేగానికి కాదు. అదే ఎనిమిది గంటల్లో లయకాలం 86 సెకన్లయితే 335 సార్లు, 58 సెకన్లయితే 497 సార్లు ఆ చెయ్యి ఆ పని చేయాలి. హాజరుపట్టీలో రెండూ ఒకే రోజుగా నమోదవుతాయి. శరీరానికి మాత్రం రెండూ ఒకటి కావు. కూర్పు వరుస పరిశ్రమల్లో శ్రమను గురించి జరిగే చర్చ పనిగంటల దగ్గర ఆగకుండా లయకాలం వరకు సాగవలసిన అవసరం ఇందువల్ల ఏర్పడుతోంది.

6. ముగింపు:

పై పరిశీలన వల్ల ఈ కింది అంశాలు తేటపడుతున్నాయి.

1. శ్రమవిభజన, ఒకే కొలత గల విడిభాగాలు, చలనం అనే మూడింటి కలయిక కూర్పు వరుస. వీటిలో ఏ ఒక్కటి లోపించినా అది నడవదు.

2. వరుస సామర్థ్యం యంత్రాల వేగం కన్నా పనుల సమతుల్యంపై ఎక్కువగా ఆధారపడుతుంది. అందరికంటే నెమ్మదైన స్థానమే మొత్తం వరుసకు కొలమానం.

3. ధర్మవరం మగ్గానికి, పెనుకొండ వరుసకు ప్రధాన భేదం శ్రమవిభజనలో కాక, లయపై అధికారం ఎవరిదన్న విషయంలో ఉంది.

4. కర్మాగారం వల్ల ప్రాంతానికి కలిగే ప్రయోజనం అక్కడి యువతకు అందే సాంకేతిక విద్య స్థాయిని బట్టి ఉంటుంది. తెలుగులో పారిశ్రామిక పరిభాష ఏర్పడటం ఆ విద్యకు తోడ్పడుతుంది. కూర్పు వరుస, లయకాలం, వరుస సమతుల్యం వంటి పదాలు ఆ దిశగా పరిశీలించదగినవి.

5. శ్రామిక సంక్షేమాన్ని పనిగంటలతో మాత్రమే కొలవడం చాలదు. లయకాలాన్ని, పని మార్పిడిని, వరుసను ఆపే అధికారాన్ని కూడా కొలమానాలుగా స్వీకరించాలి.

పెనుకొండ కొండ కింద వేరుశనగ చేనుకు, పట్టుమగ్గానికి, కార్ల వరుసకు మధ్య దూరం కొద్ది మైళ్ళే. ఒకే కుటుంబంలో తాత కార్తెలను, తండ్రి చీరలను, కొడుకు సెకన్లను లెక్కించే పరిస్థితి ఇక్కడ ఏర్పడింది. ఈ మార్పును ఆ కుటుంబాల మాటల్లోనే సేకరించి నమోదు చేయడం తెలుగు పరిశోధకుల ముందున్న పని.